రెండో డిస్కు

సూర్యకాంతమ్మ అంగిట్లో పుండు లేచిన సంగతి మొదట కనిపెట్టింది కోడలు సాయిదుర్గ. పులుసు కలిపిన అన్నం నోట్లో పెట్టుకోగానే అత్త మొహం ముడుచుకుపోవడం, పళ్ళెం పక్కకు నెట్టేసి మంచినీళ్ళు పుక్కిలించడం కొన్నాళ్ళుగా చూస్తూనే ఉంది. ఒక పొద్దున సెల్‌ఫోను లైటు వేసి బలవంతాన నోరు తెరిపించింది. పైన నడిమధ్యన తెల్లటి మచ్చ, దాని మధ్య ఎర్రగా చీలిన గుంట.

చిన్ననాటి నుంచీ అడ్డపొగ తాగిన నోరది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పొగ పీల్చడం ఆ ఒడ్డున ఆమె ఈడు జాలరి ఆడవాళ్ళందరికీ అలవాటే. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, చేపల గంప పట్టుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. దాన్ని తప్పని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

కేన్సర్ ఆసుపత్రిలో డాక్టరమ్మ కొడుకు రామును పక్కకు పిలిచి చెప్పింది. "పై అంగిలి చాలావరకు తీసెయ్యాలి. తర్వాత ఒక ప్లేటు అమరుస్తాం. తింటుంది, తాగుతుంది. మాట కూడా వస్తుంది గానీ గాలంతా ముక్కులోంచి పోతుంది. అలవాటైన వాళ్ళకి తప్ప అర్థం కాకపోవచ్చు."

రాము ఇంటర్నెట్ కంపెనీలో లైన్‌మన్. స్తంభాలెక్కి ఫైబర్ కేబుళ్ళు లాగడం, ఇళ్ళల్లో పెట్టెలు బిగించడం అతని పని. ఇల్లు వన్ టౌన్ వెనక, హార్బరుకు దగ్గరగా ఉన్న జాలరి వీధిలో. తండ్రి గురువులు వేటకెళ్ళి, వలలో శవమై తిరిగొచ్చాక, సూర్యకాంతమ్మ గంప నెత్తిన పెట్టుకుని వన్ టౌన్ సందులన్నీ తిరిగి కొడుకును సముద్రం వైపు చూడనివ్వకుండా పెంచింది. సందు మొదట్లో నిలబడి "కానాగంతలో... నెత్తళ్ళో..." అని ఆమె కేకేస్తే మూడో అంతస్తులోంచి బుట్టలు తాళ్ళతో దిగేవి. ఆమె బతికింది ఆ గొంతు మీద.

ఆపరేషనుకు ముందు పళ్ళు పీకించాలి, రక్తం ఎక్కించాలి, పరీక్షలు చెయ్యాలి. ఆ వ్యవధిలో రాము ఒక నిర్ణయానికి వచ్చాడు. పని నుంచి రాగానే ఫోను తెచ్చి, రికార్డింగు నొక్కి, బోర్లించిన గంప మీద అమ్మ ఎదురుగా నిలబెట్టాడు.

"ఏట్రా ఇది? నాను సచ్చిపోతాననీసి ముందే దాసుకుంతన్నావేటి?" అంది సూర్యకాంతమ్మ.

"సావడం కాదమ్మా. ఆపరేషనయ్యాక నీ మాట మారిపోతాదంట. నీ మనవరాలు హేమశ్రీ పెద్దయ్యాక ఇనాల కదేటి."

"ఏటి సెప్పాల?"

"నీ ఇట్టం. ఏదైనా సెప్పు."

ముందు రెండు రోజులూ ఆమె సిగ్గుపడి ఊరికే కూర్చుంది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. పెళ్ళైన కొత్తలో మొదటిసారి గంపెత్తుకున్న రోజు గురించి చెప్పింది. "సిగ్గేసింది నాకు. కేకెయ్యనేకపోనాను. సందు సందంతా మూగిదాన్నాగ తిరిగీసి, గంపలో సేపలు గంపలోనే తిరిగొచ్చీసినాను. మా అత్త సూసింది, కొట్టనేదు, తిట్టనేదు. 'సేపకి నోరు నేదే గుంటా, నువ్వెత్తాల నోరు' అంది. మర్నాడు సందు మొదట్లోనే కళ్ళు మూసుకుని ఒక్క కేకేసినాను. వీధికుక్కలు కూడా లేసి నిలబడిపోనాయి." చెప్పి, ఆ కేక మళ్ళీ వేసి చూపించింది. పక్కింటివాళ్ళు నిజంగానే చేపలొచ్చాయనుకుని గిన్నెలతో బయటికి వచ్చారు.

మొగుడి గురించి చెప్పింది. ఒకసారి తెప్ప తిరగబడితే ఎన్ని గంటలు చెక్క పట్టుకుని తేలాడో, ఒడ్డెక్కాక మొదట ఏమడిగాడో చెప్పింది. మనవరాలి కోసం జోలపాట పాడింది. గంగమ్మ పండగకు పాడే పాటలు, మధ్యలో మరిచిపోయిన చరణాలకు తిట్లు కలిపి పాడింది. వాయుగుండం పట్టే ముందు నీటి రంగు ఎలా మారుతుందో, బేరమాడే ఆడవాళ్ళలో ఎవరు మంచివాళ్ళో ఎవరు గయ్యాళులో అన్నీ చెప్పింది.

ఫోను నిండిపోయింది. రాము పని చేసే ఇళ్ళల్లో కొందరి దగ్గర ఒక పెట్టె చూశాడు. ఫోటోలు, వీడియోలు అన్నీ అందులో దాచుకుని ఇంట్లో టీవీలోనో ఫోనులోనో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకుంటారు. మల్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే కామరాజు అతనికి చిన్ననాటి స్నేహితుడు. అడిగితే వాడు నవ్వాడు.

"కొత్త పెట్టెందుకు బావా? నా దగ్గర పాత కంప్యూటరుంది. రెండు కొత్త డిస్కులేసీసి, సర్వరు నాగ సేసీద్దాం. ఒకదాంట్లో ఏటి పడితే రెండోదాంట్లో కూడా అదే పడతాది. ఒకటి సచ్చిపోయినా ఇంకోటి బతికుంటాది."

ఇద్దరూ ఒక ఆదివారమంతా కూర్చుని దాన్ని తయారుచేశారు. పెట్టె ముందువైపు తలుపు తీస్తే రెండు అరలు, ఒకదాని కింద ఒకటి. ఒక్కో అరలో ఒక్కో డిస్కు. కామరాజు సాఫ్ట్‌వేరు ఎక్కించి, రౌటరుకు వైరు కలిపి, టీవీలో ఫోల్డరు తెరిచి చూపించాడు. వెళ్ళేముందు గడపలో నిలబడి ఒక మాట చెప్పాడు.

"రెండున్నాయనీసి ధైర్యం సేసీకు బావా. డిస్కు పోతే ఇది కాత్తాది గానీ, నువ్వు తప్పు సేత్తే కాయదు. ఇంకో కాపీ తీసి ఏరే ఇంట్లో పెట్టు. మా ఇంట్లో పెట్టినా పరవానేదు."

"పెడతాన్లే బావా," అన్నాడు రాము.

పెట్టాలనే అనుకున్నాడు. కానీ ఆ వారంలోనే ఆసుపత్రిలో పడక దొరికింది.

సర్వరును మాత్రం ప్రాణంలా చూసుకున్నాడు. ఆ వీధిలో కిటికీ తీస్తే పోర్టు నుంచి బొగ్గుపొడి వచ్చి పడుతుంది. ఉప్పుగాలికి ఇంట్లో గొళ్ళేలే తుప్పు పట్టిపోతాయి. అందుకని పెట్టెను కిటికీకి దూరంగా, దేవుడి పటాల పక్కన గూట్లో పెట్టాడు. వారం వారం మూత విప్పి, పెయింటు బ్రష్షుతో ఫ్యాను రెక్కల మీది నల్లపొడి దులిపేవాడు. కరెంటు పోతే ఒక్కసారిగా ఆరిపోకుండా చిన్న యూపీఎస్ తగిలించాడు. ఫోన్లో ఉన్న రికార్డింగులన్నీ అందులోకి ఎక్కించి, సరిగా ఎక్కాయని చూసుకున్నాక, ఫోన్లోవి చెరిపేశాడు.

ఆపరేషను అయింది. చాలా రోజుల తర్వాత సూర్యకాంతమ్మ ఇంటికొచ్చింది. బుగ్గ ఒకవైపు లోపలికి పోయి, మనిషి సగమైంది. అన్నం పెట్టమని అడిగితే ఆ మాట ముక్కులో తిరిగి, గాలిలా బయటికి వచ్చింది. సాయిదుర్గకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అర్థం కాలేదు. మూడోసారి అత్త కంచం విసిరికొట్టింది.

కొంతకాలానికి చేతి సైగలు కుదిరాయి. ఆకలి, నీళ్ళు, నొప్పి, ఫ్యాను. అంతకు మించి ఏం చెప్పబోయినా అవతలివాళ్ళ కళ్ళలో అయోమయం చూసి మధ్యలోనే ఊరుకునేది. వీధిలోవాళ్ళు వచ్చి పలకరించి, ఆమె బదులిస్తుంటే అర్థమైనట్టు తలలూపి, తొందరగా లేచి వెళ్ళిపోయేవాళ్ళు. అది ఆమెకు తెలిసేది.

ఒక సాయంత్రం రాము టీవీలో ఫోల్డరు తెరిచాడు. ఆమె ఏడుస్తుందేమోనని భయపడుతూనే మొదటి కథ పెట్టాడు. ఆమె ఏడవలేదు. ఎవరో తెలిసినావిడ చెబుతుంటే విన్నట్టు, తలాడిస్తూ విన్నది. కుక్కలు లేచి నిలబడ్డాయన్న చోట నవ్వింది. నవ్వు మాత్రం మారలేదు.

ఆ రోజు నుంచి రోజూ అదే పని. పొద్దున్నే గూటి వైపు వేలు చూపించేది. సాయిదుర్గ వంట చేసుకుంటూ పెట్టేది. వీధి ఆడవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ గడపలో కూర్చుని వినేవాళ్ళు. ఇప్పుడెవరూ తొందరగా లేచిపోయేవాళ్ళు కాదు. కథ అయ్యాక వాళ్ళు ప్రశ్నలడిగితే సూర్యకాంతమ్మ చేతులతో బదులిచ్చేది. హేమశ్రీ బడికెళ్ళనని మొండికేస్తే టీవీ వైపు చూపించి, తను మనవరాలిని తిట్టిన తిట్లు పెట్టించేది. పిల్ల నవ్వుతూ సంచి తగిలించుకునేది.

"అత్తకి నోరు తిరిగిచ్చీసినావు మావా," అంది సాయిదుర్గ ఒకసారి. ఆ వారం రాము ఫ్యాను రెండుసార్లు దులిపాడు.

వానాకాలంలో ఆమె మెడ మీద కొత్తగా గడ్డ లేచింది. డాక్టరమ్మ చూసి, ఇక కోత పెట్టేది లేదంది. నొప్పి మందులు రాసిచ్చింది. సూర్యకాంతమ్మ మంచం దిగడం తగ్గించింది. వినడం మాత్రం పెంచింది.

ఆ రోజుల్లోనే గాలివాన పట్టింది. కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, యూపీఎస్ కూతలు పెట్టి పెట్టి చాలించింది. వాన వెలిసిన పొద్దున రాము ఫోనుకు సర్వరు నుంచి సందేశం వచ్చింది. డిస్కు 1 పాడవుతోంది, వెంటనే మార్చండి అని. టీవీలో కథ నడుస్తూనే ఉంది గానీ మధ్య మధ్య ఆగుతోంది. ఆగినప్పుడల్లా సూర్యకాంతమ్మ మంచం పట్టె మీద చేత్తో కొడుతోంది.

రాము కామరాజుకు ఫోను చేశాడు. వాడి మేనత్త పోతే సబ్బవరం వెళ్ళాడు. ఫోను ఎత్తలేదు. రాము ఎదురుచూద్దామనే అనుకున్నాడు. కానీ మంచం దగ్గర నుంచి ఆ చప్పుడు ఆగడం లేదు. డిస్కు మార్చడమెంత పని, రోజూ స్తంభాల మీద ఇంతకంటే కష్టమైనవే చేస్తున్నాననుకున్నాడు. కొత్త డిస్కు తెచ్చాడు. సర్వరు ఆపి, తలుపు తీశాడు. పైది ఒకటి, కిందది రెండు. పైది లాగేసి, కొత్తది పెట్టి, స్విచ్చేశాడు. కొత్త డిస్కులోకి కాపీ మొదలైందని తెర మీద కనబడింది. హమ్మయ్య అనుకున్నాడు.

పాత డిస్కుకు ఇంకా గ్యారంటీ ఉంది. తెచ్చిస్తే బదులు ఇస్తామని షాపువాళ్ళు అన్నారు. దాన్ని చేతిలో పట్టుకుని రాము కాసేపు ఆలోచించాడు. అమ్మ మాటలన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరో ముక్కూ మొహం తెలియని వాడు తెరిచి విని నవ్వుకుంటాడేమో. అది అతనికి ఇష్టం లేకపోయింది. లాప్‌టాప్‌కు తగిలించి, ఒక్క ముక్క కూడా మిగలకుండా డిస్కంతా సున్నాలతో నింపి తుడిచే ప్రోగ్రాం నడిపించాడు. అది ఎక్కడా ఆగకుండా, కుదురుగా నడిచింది. పాడైన డిస్కు ఇంత బాగా ఎలా తిరుగుతోందని ఒక క్షణం అనిపించింది. ఇంతలో మల్కాపురంలో లైను తెగిందని కంపెనీ నుంచి ఫోనొస్తే నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి లాప్‌టాప్‌లో పని పూర్తయింది. గూట్లోంచి మాత్రం చప్పుడు వినిపిస్తోంది, గోటితో రేకు మీద కొడుతున్నట్టు. కాపీ సగంలోనే ఆగిపోయింది. ఫోల్డరు తెరిస్తే పేర్లు వరసగా కనిపిస్తున్నాయి. ఏది నొక్కినా తెరుచుకోవడం లేదు. ఆపి మళ్ళీ వేస్తే పేర్లు కూడా పోయాయి.

మర్నాడు కామరాజు సబ్బవరం నుంచి నేరుగా వచ్చాడు. పెట్టె విప్పి, డిస్కుల మీద ఉన్న నంబర్లు, తెర మీద ఉన్న నంబర్లు పోల్చి చూశాడు.

"నువ్వు తీసింది ఏది బావా?"

"పైది. డిస్కు ఒకటి పాడైందనింది కదేటి."

"ఇది సున్నా కాడి నుంచి లెక్కెడతాది. పైది సున్నా. కిందదే ఒకటి." కామరాజు గొంతు తగ్గించాడు. "పరవానేదు. నువ్వు తీసింది మంచి డిస్కే. దాంట్లో అన్నీ ఉంటాయి. ఏదది, ఇలా తే."

రాము లాప్‌టాప్ పక్కన ఉన్న డిస్కు వైపు చూశాడు. చెయ్యి చాచలేదు.

"తుడిసీసినాను," అన్నాడు.

"డిలీటే కదా? తెప్పించొచ్చు."

"డిలీట్ కాదు. మొత్తం సున్నాల్తో తుడిసీసినాను. ఎవరూ ఇనకూడదనీసి."

కామరాజు స్క్రూడ్రైవరు కింద పెట్టి, నేల మీద అలాగే కూర్చుండిపోయాడు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న సాయిదుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలి గదిలో సూర్యకాంతమ్మ మంచం పట్టె మీద కొడుతోంది.

కింది డిస్కును హైదరాబాదులో డేటా తీసే చోటికి పంపారు. లోపల డేటా ఉండే బిళ్ళలు గీసుకుపోయాయని, తీయడానికి ఏమీ లేదని వాళ్ళు తిప్పి పంపారు. రాము చుట్టాలందరి ఫోన్లూ వెతికించాడు. సూర్యకాంతమ్మ ఎప్పుడూ చిన్న బటన్ల ఫోనే వాడింది. ఎవరికీ వాయిస్ మెసేజీ పెట్టి ఎరగదు. పిన్నికూతురి పెళ్ళి వీడియో ఒకటి దొరికింది. అందులో ఆమె ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది, చేతులూపుతోంది, పెదవులు కదులుతున్నాయి. వినపడేది బ్యాండు మేళం ఒక్కటే.

పెట్టెను గూట్లోంచి తీసి అటక మీద దాచి, అమ్మతో మాత్రం సర్వరు రిపేరుకెళ్ళిందని చెప్పాడు. ఆమె నమ్మింది. రోజూ గూటి వైపు చూసి, కొడుకు వైపు చూసి, చెయ్యి తిప్పి అడిగేది. ఇంకా రాలేదని అతను తల అడ్డంగా ఊపేవాడు. వీధి ఆడవాళ్ళు రావడం మానేశారు. వచ్చినా ఏం మాట్లాడాలో వాళ్ళకు తెలియలేదు.

"సెప్పీ మావా," అంది సాయిదుర్గ. "రోజూ ఎదురుసూత్తంది. సూడనేకపోతన్నాను."

"ఏటని సెప్పను? నీ గొంతు నానే సంపీసినాననా?"

"అలాగే సెప్పు. సెప్పకుండా పోనిత్తావేటి?"

రాము ఆ ఆదివారం మధ్యాహ్నం మంచం పక్కన కూర్చున్నాడు, సాయిదుర్గ గుమ్మంలో నిలబడింది. సూర్యకాంతమ్మ మెలకువగానే ఉంది. మెడ గడ్డ పెరిగి తల ఒక పక్కకు వాలిపోయింది. అతను నేల వైపు చూస్తూ మొదలుపెట్టాడు. డిస్కుల సంగతి, లెక్క తప్పిన సంగతి, తుడిచిన సంగతి అన్నీ చెప్పాడు. ఆమెకు డిస్కంటే ఏమిటో తెలియదు. అయినా విన్నది.

"ఏటీ మిగల్నేదమ్మా. అన్నీ పోనాయి. నానే పోగొట్టీసినాను," అన్నాడు చివరికి.

సూర్యకాంతమ్మ గూటి వైపు చూసింది. పెట్టె లేక అక్కడ గోడ మీద దాని ఆకారం తెల్లగా మిగిలింది. తర్వాత కొడుకు మొహంలోకి చూసి ఏదో అంది. చిన్న మాట కాదు, ఒక వాక్యం. ముక్కులో తిరిగి, గాలి కలిసి వచ్చింది.

"ఏటమ్మా?"

మళ్ళీ అంది. ఈసారి నెమ్మదిగా, ఒక్కో ముక్కా విడదీసి. రాము ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏదీ సరిగా అందలేదు. మూడోసారి అంటుందేమోనని జేబులోంచి ఫోను తీసి రికార్డింగు నొక్కి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"మళ్ళీ సెప్పమ్మా. తర్వాత ఇనుకుని అర్థం సేసుకుంటాను. ఒక్కసారి."

ఆమె ఫోను వైపు చూసింది. ఎముకలు తేలిన చెయ్యి చాపి, దాన్ని అతని వేళ్ళలోంచి తీసి, పక్క మీద బోర్లా పెట్టింది. నోరు మూసుకుంది. రాము అర్థమైనట్టు తలాడించాడు. అర్థం కాలేదని ఆమెకు తెలుసు. వీధిలోవాళ్ళు అలా తలాడించినప్పుడు చూసినట్టే అతన్నీ చూసి, గోడవైపు తిరిగింది.

ఆ తర్వాత ఆమె దేనికీ నోరు విప్పలేదు. చేతులతో కూడా ఏమీ అడగలేదు. సాయిదుర్గ గొట్టంతో గంజి పోస్తే మింగేది. దీపావళి రాకముందే, ఒక పొద్దున పాలు పట్టబోతే తెలిసింది, పోయిందని.

పదకొండో రోజు కార్యం అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. సాయిదుర్గ గిన్నెలు తోముతోంది. రాము గడపలో కూర్చున్నాడు.

"ఆ రోజు అమ్మ ఏటన్నాదో నీకేటైనా తెలిసిందా? నువ్వు గుమ్మంలో ఉన్నావు కదా," అని అడిగాడు.

సాయిదుర్గ చెయ్యి ఆపింది. "కూడు తిన్నావా అన్నట్టే ఇనపడింది మావా. నువ్వు పొద్దున్నుంచీ తిన్నేదు కదేటి."

"రెండుసార్లా? అంత పొడుగ్గా?"

ఆమె మళ్ళీ గిన్నె అందుకుంది. ఓదార్చడానికి అల్లి చెబుతోందేమోనని రాముకు అనిపించింది. అతనికి ఆ రోజు లీలగా అందింది వేరే. "నీ సేత్తోనే" అన్న ముక్క ఒకటి అందులో ఉందని అతని అనుమానం. నీ చేత్తోనే తీసేశావు అందో, నీ చేత్తోనే తలకొరివి పెట్టు అందో, నీ చేత్తోనే ఇంత అన్నం పెట్టు అందో. లేక అసలు ఆ ముక్కే అనలేదేమో. ఫోన్లో ఆ రోజు నొక్కిన రికార్డింగు ఉంది. అందులో తన గొంతే బతిమాలుతోంది, తర్వాత గుడ్డ రాసుకున్న చప్పుడు, దూరంగా పోర్టులో ఓడ కూత.

కామరాజు వచ్చినప్పుడు రాము పెట్టెను తీసుకెళ్ళిపొమ్మన్నాడు. తుడిచిన డిస్కు, కొత్త డిస్కు రెండూ ఏ లోపం లేకుండా పని చేస్తున్నాయి, ఎవరికైనా పనికొస్తాయి. కామరాజు వాటిని సంచిలో వేసుకుని, బండి స్టార్ట్ చేశాడు.

గడపలో నిలబడ్డ రాము బండి సందు మలుపు తిరిగేదాకా చూశాడు. లోపలికి వెళ్తే హేమశ్రీ బడికెళ్ళనని నేల మీద పడి ఏడుస్తోంది. సాయిదుర్గ ఎంత తిట్టినా వినడం లేదు. రాము కూతుర్ని ఎత్తుకుని, సంచి తన భుజానికే తగిలించుకుని, ఆరిపోయి ఉన్న టీవీ ముందు నుంచి బయల్దేరాడు.